ఎంఐ-17ల తర్వాత మన హెలికాప్టర్: అన్ని పనులకూ ఒకటే బండి సరిపోతుందా?

విభూతిపురవాసి

మా ఇల్లు బెంగళూరులో, విభూతిపుర చెరువుకి ఇవతల. పొద్దున పాల ప్యాకెట్ తెచ్చుకునే వేళకి హెచ్‌ఏఎల్ (హెలికాప్టర్లు తయారుచేసే ప్రభుత్వ సంస్థ) వైపు నుంచి హెలికాప్టర్లు లేస్తుంటాయి. మా పాపకి తొమ్మిదేళ్ళు, కిటికీ దగ్గరికి పోకుండానే చప్పుడు విని ధ్రువో ప్రచండో చెప్పేస్తుంది. మొన్న అది అడిగింది, "నాన్నా, మనం చిన్నవే చేస్తున్నాం కదా, ముప్పై మందిని ఎక్కించుకునేది ఎప్పుడు చేస్తాం?" అని.

నాకు తెలిసిన కాడికి చెప్పాను. ధ్రువ్ 5.5 టన్నుల తరగతి, 1992 ఆగస్టు 20న మొదటిసారి ఎగిరింది. దాడి హెలికాప్టర్ ప్రచండ్ 2010లో, తేలికపాటి హెలికాప్టర్ ఎల్‌యూహెచ్ 2016లో ఎగిరాయి. ఆ పైన 12-13 టన్నుల దగ్గర మనకి సొంతది లేదు, అక్కడంతా రష్యా ఎంఐ-17లే. ఆ ఖాళీ కోసమే హెచ్‌ఏఎల్ వాళ్ళు ఐఎంఆర్‌హెచ్ (ఇండియన్ మల్టీ రోల్ హెలికాప్టర్) అని మొదలుపెట్టారు, 2017లో యలహంకలో జరిగిన ఏరో ఇండియా విమాన ప్రదర్శనలో మోడల్ పెట్టారు, నేను చూశాను కూడా. సైనికుల్ని మోయడం, సరుకు మోయడం, రాకెట్లు పేల్చడం, క్షతగాత్రుల్ని తేవడం, వరదల్లో జనాన్ని తీయడం, ఇంకో రూపంలో నౌకల మీద దిగడం, అన్నీ దాని పనులే అంటున్నారు. ఇంజన్ కోసం 2022 జులైలో ఫ్రాన్స్ కంపెనీ సఫ్రాన్‌తో ఒప్పందం అయింది, ఆ ఇంజన్‌కి అరావళి అని పేరు కూడా పెట్టారు. బండి మాత్రం ఇంకా గాల్లోకి లేవలేదు.

ఇక్కడ ఈ రంగంలో పనిచేసినవాళ్ళు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. ఇన్ని పనులు ఒకే బండి మీద పెట్టడం తెలివైన పనేనా? లేక అదే మనల్ని ఆలస్యం చేస్తోందా?

తాంబరం99

చెన్నై నుంచి రాస్తున్నా అన్నా. నా ఉద్దేశం సూటిగా చెప్తాను, అన్ని పనులకూ ఒకటే అన్న ఆలోచన వల్ల యూరప్ వాళ్ళు బాగా నష్టపోయారు. ఎన్‌హెచ్‌90 సంగతి చూడు. నాలుగైదు దేశాలు కలిసి చేసిన మధ్యతరహా హెలికాప్టర్, 1995 డిసెంబరులో ఎగిరింది, పూర్తిగా ఫ్లై బై వైర్ (పైలట్ ఆదేశాలు కంప్యూటర్ ద్వారా వెళ్తాయి), బాడీ లోహం కాకుండా కాంపోజిట్, కాగితం మీద అంతకంటే మంచిది లేదు. కానీ ప్రతి దేశం తనకి కావలసిన మార్పులు అడిగింది, దాంతో అచ్చంగా ఒకేలా ఉన్న బండ్లు రెండు దేశాల్లో దొరకని పరిస్థితి వచ్చింది. నార్వే 2001లో 14 ఆర్డర్ ఇచ్చింది, కోస్ట్ గార్డుకీ నౌకాదళానికీ కలిపి ఏడాదికి 3,900 గంటలు ఎగరాలని లెక్క వేసుకుంది. చివరి ఏళ్ళలో సగటున 700 గంటలే ఎగిరాయి. 2022 జూన్‌లో ఒప్పందం రద్దు చేసి డబ్బు వెనక్కి ఇమ్మంది. ఆస్ట్రేలియా కూడా 2023లో తీసి పక్కన పెట్టేసింది.

కొండలకి ఒకటి, సముద్రానికి ఒకటి విడిగా చేసుకుంటే ఈ తలనొప్పి ఉండదు కదా?

రోటర్_పిచ్చి

తాంబరం అన్న చెప్పిన కొండ, సముద్రం గొడవ ఎక్కడ పుడుతుందో అంకెల్లో చూపిస్తా. ఇక్కడ బెంగళూరులోనే ఏరోస్పేస్‌లో మాస్టర్స్ చేస్తున్నా, ఈ లెక్క మా క్లాసులో మొదటి నెలలోనే వేయిస్తారు.

ఎంఐ-17 రోటర్ (పైన తిరిగే బ్లేడ్ల చక్రం) వ్యాసం 21.3 మీటర్లు. అంటే బ్లేడ్లు తిరిగే వృత్తం 356 చదరపు మీటర్లు. నిండు బరువు 13 టన్నులు అనుకుంటే చదరపు మీటరుకి ముప్పై ఆరున్నర కిలోలు. ఎన్‌హెచ్‌90కి వ్యాసం 16.3 మీటర్లే, బరువు 10.6 టన్నులు, చదరపు మీటరుకి దాదాపు 51 కిలోలు పడుతుంది. ఈ అంకె ఎంత తక్కువైతే గాల్లో నిలబడటానికి అంత తక్కువ పవర్ చాలు. 5,000 మీటర్ల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే అరవై శాతమే. అక్కడ బ్లేడుకి పట్టు తగ్గుతుంది, ఇంజన్‌కి ఊపిరి తగ్గుతుంది, రెండూ ఒకేసారి. పైగా లేహ్‌లో ఎండాకాలం మధ్యాహ్నం ఎండ కూడా బాగా కాస్తుంది, వేడి గాలి ఇంకా పలచన. కాబట్టి సైన్యానికి పెద్ద రోటర్ కావాలి.

నౌక మీద హ్యాంగర్ తలుపు ఎంతో అంతే. అక్కడ చిన్న రోటర్ కావాలి, దాన్ని కూడా మడవాలి, తోక కూడా మడవాలి. ఒకళ్ళకి పెద్దది, ఒకళ్ళకి చిన్నది. మిగతావన్నీ సర్దుకోవచ్చు గానీ ఇది మాత్రం డిజైన్ బల్ల మీద మొదటి రోజునుంచీ కూర్చుని ఉండే చిక్కు.

సింగ్‌నగర్_బిడ్డ

మీ లెక్కలు నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ గాలి సంగతి మాత్రం మా అమ్మ కళ్ళారా చూసింది, అది చెప్తా.

నేను మారతహళ్ళిలో ఉంటా, అమ్మ విజయవాడ సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కింద ఇంట్లో మెడలోతు నీళ్ళు. అమ్మ, పక్కింటి పిన్నిగారు, ఇద్దరు పిల్లలు మేడమీద రెండు రాత్రులు ఉన్నారు. ఫోన్ చార్జింగ్ అయిపోయేలోపు ఒక్కసారి మాట్లాడింది, "హెలికాప్టర్ వచ్చిందే, పులిహోర ప్యాకెట్లు వేసింది, ఒకటి పగిలి మెట్లంతా అన్నం" అంది. హెలికాప్టర్ కాస్త కిందికి దిగేసరికి ఆరేసిన దుప్పట్లు, ప్లాస్టిక్ కుర్చీ, వాటర్ ట్యాంకు మూత ఎగిరి నీళ్ళలో పడ్డాయట. పిల్లల్ని గోడకి ఆనించి కొంగు కప్పి పట్టుకుందట.

అది ఏ రకమో అమ్మకి తెలియదు. రోడ్డు లేనప్పుడు, పడవ తిరగలేనప్పుడు పైనుంచి వచ్చింది అదొక్కటే. కాబట్టి ఈ హెలికాప్టర్ గురించి మాట్లాడేటప్పుడు యుద్ధం ఒక్కటే కాకుండా ఇది కూడా లెక్కలో పెట్టండి. ఆ గాలి తగ్గించే మార్గం ఉందా?

రోటర్_పిచ్చి

అక్కా, అమ్మగారు చేసింది సరైన పని, గోడ చాటుకి పోవడమే మంచిది.

నేను పైన చెప్పిన అంకెకీ ఈ గాలికీ సంబంధం ఉంది. అదే లెక్కని ముందుకి తీసుకెళ్తే నిండు బరువుతో నిలబడ్డ ఎంఐ-17 కింద గాలి గంటకి దాదాపు 85-90 కిలోమీటర్ల వేగం దాకా పోతుంది. ఎన్‌హెచ్‌90 లాంటి చిన్న రోటర్ అయితే వంద దాటుతుంది. అంటే రోటర్ చిన్నదైతే కొండ మీద ఇబ్బంది, మేడమీద ఉన్నవాళ్ళకీ ఇబ్బందే. తగ్గించాలంటే ఎత్తు నుంచి వించ్ తాడు దించాలి, తాడు పొడుగు ఉండాలి, పైలట్ కదలకుండా నిలబెట్టాలి. కొత్త వాటిలో ఆటోపైలటే గాల్లో ఒకేచోట నిలబెట్టి పట్టుకుంటుంది, ఐఎంఆర్‌హెచ్‌లో అది తప్పకుండా ఉండాలని నా కోరిక.

పాత_టెక్నీషియన్

పిల్లలిద్దరూ బాగా చెప్పారు. నేను శ్రీకాకుళం వాడిని, వైమానిక దళంలో హెలికాప్టర్ల మీద పనిచేసి రిటైర్ అయ్యాక యలహంకలో స్థిరపడ్డాను. 2017 డిసెంబరులో ఎంఐ-8లకి ఇక్కడే వీడ్కోలు చెప్పారు. 70ల మొదట్లో వచ్చిన బండి అది, సియాచిన్‌కి సామాన్లు మోసింది, శ్రీలంకలో తిరిగింది. ఎంఐ-8కీ ఎంఐ-17కీ తేడా దూరం నుంచి ఎలా పట్టాలో పాపకి చెప్పండి రవ్వంత సరదా పడుతుంది: ఎంఐ-8కి తోక ఫ్యాన్ కుడివైపు ఉంటుంది, ఎంఐ-17కి ఎడమవైపు.

ఇంజన్ గురించి అందరూ మాట్లాడతారు, గేర్‌బాక్స్ గురించి ఎవరూ మాట్లాడరు. ఎంఐ-17 ఇంజన్ షాఫ్ట్ నిమిషానికి పదిహేను వేల చుట్లు తిరుగుతుంది. పైన రోటర్ తిరగాల్సింది 192 చుట్లే. అంటే దాదాపు 78 రెట్లు తగ్గించాలి, తగ్గిస్తూ మొత్తం 13 టన్నుల బరువుని ఆ ఒక్క షాఫ్ట్ మీదే మోయాలి. ఇంజన్ ఒకటి ఆగిపోతే రెండోది ఉంది. గేర్‌బాక్స్‌కి రెండోది లేదు. నూనె పూర్తిగా కారిపోయినా అరగంట తిరగాలి అని పెద్ద హెలికాప్టర్లకి రూలు పెట్టారంటే అందుకే. ఇంజన్‌కి సఫ్రాన్ తోడు ఉంది, సంతోషం. 13 టన్నులకి గేర్‌బాక్స్ మనం ఇదివరకు చేయలేదు. ధ్రువ్‌ది చేశాం, అనుభవం ఉంది, కానీ ఇది రెండింతలకు మించిన బరువు. ఆలస్యం అవుతోందని బాధపడేవాళ్ళకి నా మాట ఒకటే, గేర్‌బాక్స్‌ని నేల మీద టెస్ట్ రిగ్‌లో ఎన్ని వేల గంటలు అవసరమైతే అన్ని తిప్పనివ్వండి. అక్కడ మిగుల్చుకున్న ఏడాదే, ఆనక ప్రాణాల మీదికి తెస్తుంది.

ఒక సంఘటన చెప్తా. ఒక కొండ బేస్‌లో ఉన్నాం, పేరు వద్దు. బండి తిరిగొచ్చింది, కాక్‌పిట్‌లో చిప్ లైటు వెలిగిందని ఫ్లైట్ ఇంజనీర్ చెప్పాడు. గేర్‌బాక్స్ నూనెలో అయస్కాంతం ఉన్న ప్లగ్ ఒకటి ఉంటుంది, లోపల పళ్ళు అరిగితే ఇనుప రజను దానికి అంటుకుంటుంది. విప్పి తెల్లగుడ్డ మీద తుడిచాను. బూడిదలాంటి మెత్తటి రజను అయితే మామూలే, తుడిచి పెట్టేస్తాం. ఆ రోజు గుడ్డ మీద గోరుముక్కంత పెచ్చు మెరిసింది. భూతద్దంలో చూస్తే ఒక అంచు నున్నగా, ఒక అంచు విరిగి ఉంది. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి, అయినా చెమట పట్టింది. ఆ బండి అక్కడే ఆగిపోయింది. కొత్త గేర్‌బాక్స్ వచ్చి, క్రేన్ వచ్చి, ఎక్కించేసరికి 41 రోజులు. ఆ 41 రోజులూ పైన పోస్టులో కుర్రాళ్ళకి కిరోసిన్, బియ్యం చిన్న హెలికాప్టర్లు చీతాలే విడతలు విడతలుగా చేరవేశాయి. ఎంఐ-17 ఒక్క ట్రిప్పులో తీసుకెళ్ళేది చీతాకి ఎన్ని ట్రిప్పులో నేను చెప్పక్కర్లేదు.

తాంబరం99

సార్, మీ మాట కాదనను. కానీ మీరు చెప్పింది నా వాదనకే బలం. ఒకే గేర్‌బాక్స్ సైన్యానికీ, వైమానిక దళానికీ, నౌకాదళానికీ పెట్టారనుకోండి, దాంట్లో లోపం బయటపడితే మొత్తం అన్నీ కూర్చుండిపోతాయి. 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలింది, ముగ్గురు పోయారు. స్వాష్‌ప్లేట్ (పైలట్ ఆదేశాన్ని తిరిగే బ్లేడ్లకి చేర్చే భాగం) దగ్గర విరిగిందని తేలాక అన్ని దళాల ధ్రువ్‌లూ నెలల తరబడి నేల మీదే ఉన్నాయి. రిపబ్లిక్ డేకి కూడా ఎగరలేదు. కొండ పోస్టులకి, తీరానికి, అన్నిటికీ ఒకేసారి లోటు వచ్చింది.

పాత_టెక్నీషియన్

నిజమే బాబూ, ఆ నెలలు నాకూ నిద్ర పట్టలేదు. నా కింద పని నేర్చుకున్న పిల్లలు ఇంకా ఆ బండ్ల మీదే ఉన్నారు.

కానీ రెండో వైపు చూడు. ధ్రువ్‌లో ఉన్న శక్తి ఇంజన్లే ప్రచండ్‌లోనూ ఉన్నాయి, రోటర్ భాగాలు కూడా చాలావరకు దాని నుంచే వచ్చాయి. అందుకే దాడి హెలికాప్టర్‌ని సున్నా నుంచి మొదలుపెట్టక్కర్లేకపోయింది. ధ్రువ్ మీద నేర్చుకున్న టెక్నీషియన్ ప్రచండ్ దగ్గరికి వెళ్తే పరాయి బండిలా అనిపించదు. 2025 మార్చిలో 156 ప్రచండ్‌లకి ఒప్పందం అయిందంటే ఆ పునాది ఉండబట్టే. విడివిడిగా మూడు బండ్లు చేస్తే మూడు రకాల స్పేర్లు, మూడు రకాల ట్రైనింగ్, మూడు చోట్లా సగం సగం టెస్టింగ్. లోపం మూడు చోట్ల దాక్కుంటుంది, అంతే తేడా.

ఎన్‌హెచ్‌90 తప్పు ఒకటే బండి చేయడం కాదని నా అభిప్రాయం. లోపల ఒకటే ఉండాల్సినవి కూడా దేశానికొక రకంగా మార్చారు. గుండె, నడుము ఒకటే ఉండాలి, అంటే ఇంజన్, గేర్‌బాక్స్, బ్లేడ్లు బిగించే రోటర్ హబ్. పైన తొడుక్కునేవి ఎవరివి వారికి ఉండొచ్చు. నౌకాదళం రూపాన్ని 12.5 టన్నులతో విడిగా చేయాలనే ఆలోచన అందుకే నాకు నచ్చింది. బ్లేడ్లు మడవాలి, ఉప్పుగాలికి తట్టుకోవాలి, సముద్రం మీద తిరిగొచ్చిన ప్రతిసారీ ఇంజన్‌ని మంచినీళ్ళతో కడగాలి. ధ్రువ్ మడతపెట్టే విషయంలో నౌకాదళానికి తృప్తి కలగలేదు, ఆ అనుభవం ఈసారి ముందే గుర్తుండాలి.

విభూతిపురవాసి

> పైన తొడుక్కునేవి ఎవరివి వారికి

సార్, అంటే రాకెట్లు, తుపాకులు కూడా తొడిగితే చాలా? ఒక ఎంఐ-17 పొద్దున సరుకు మోసి మధ్యాహ్నం దాడికి వెళ్ళొచ్చా?

మదనపల్లి_కుర్రాడు

ఇది నేను చెప్తా అన్నా, ఈ విషయం మీద చాలా చదివాను. వెళ్ళొచ్చు, వెళ్ళాయి కూడా. 1999 మే 28న కార్గిల్‌లో ఎంఐ-17లు రాకెట్లతో టోలోలింగ్ కొండ మీదికి వెళ్ళాయి. ఒకదాన్ని భుజం మీద పెట్టి పేల్చే క్షిపణితో కూల్చారు, నలుగురు వీరులు పోయారు. ఆ తర్వాత ఎంఐ-17లని దాడి పని నుంచి తప్పించారు. బస్సుకి తుపాకి కట్టినంత మాత్రాన ట్యాంకు అవదు, ఆ ఎత్తులో అంత బరువుతో చురుగ్గా మలుపు తిరగలేదు. ప్రచండ్ అవసరం అక్కడే తెలిసొచ్చింది. కాబట్టి ఐఎంఆర్‌హెచ్‌కి రాకెట్లు ఉంటే ఉండనివ్వండి, దాన్ని నమ్ముకుని దాడికి పంపొద్దు. ఆ బరువులో క్షిపణి వస్తే హెచ్చరించే పరికరాలు, దాన్ని పక్కదారి పట్టించే మంటలు (ఫ్లేర్లు) పెట్టండి. మోసే బండికి కావలసిన కవచం అదే.

ఇంకొకటి. మాది మదనపల్లి పక్క ఊరు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర ఎంఐ-17లోనే కొత్త రకమైన వీ5 కూలి జనరల్ బిపిన్ రావత్ గారితో కలిపి 14 మంది పోయారు కదా, అందులో లాన్స్ నాయక్ సాయితేజ మా పక్క కురబలకోట మండలం వాడు. ఆయన్ని తెచ్చిన రోజు రోడ్డుకి రెండువైపులా జనం, నేను కూడా నిలబడ్డాను. విచారణలో యంత్రం చెడలేదని, లోయలో అనుకోకుండా మబ్బు కమ్మి కొండకి తగిలిందని తేల్చారు. అందుకే నాకు ఇంజన్ కంటే కూడా ముందు కనబడేది కాక్‌పిట్. మబ్బులో కొండ ఎక్కడుందో స్క్రీన్ మీద చూపించి గట్టిగా అరిచి చెప్పే వ్యవస్థ ప్రతి బండిలో ఉండాలి, వీఐపీ బండిలో ఒక్కదాంట్లోనే కాదు. కుర్రాళ్ళని మోసే బండిలో కూడా.

సింగ్‌నగర్_బిడ్డ

ఈ పోస్టు చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను తమ్ముడూ.

రోటర్_పిచ్చి

నేల ఎంత దగ్గరగా ఉందో ముందే చెప్పే వ్యవస్థ బరువులో చాలా చిన్నది. 13 టన్నుల బండిలో అది లెక్కలోకి కూడా రాదు. నువ్వడిగింది న్యాయం.

ఇంకో కోణం, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఎంఐ-17ల్లో వీ5 రకానివి 151 వచ్చాయి, 2008లో మొదటి ఒప్పందం, 2011 నుంచి 2016 దాకా డెలివరీ. బండి రష్యాది, ఈ తరహా ఇంజన్లు ఎన్నో ఏళ్ళు తయారైంది ఉక్రెయిన్‌లోని జపోరిజియాలో. ఆ రెండు దేశాలే 2022 నుంచి యుద్ధంలో ఉన్నాయి. స్పేర్ల కోసం ఎవరి వైపు చూడాలి? పాత_టెక్నీషియన్ సార్ చెప్పిన 41 రోజులు మామూలు కాలంలోవి. ఐఎంఆర్‌హెచ్ ఎందుకు కావాలి అని ఎవరైనా అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే.

తాంబరం99

దీనితో ఒప్పుకుంటా. నేను బండి వద్దనట్లేదు, మొదట్నుంచీ అదే చెప్తున్నా. ఒకేసారి అందరికీ అన్నీ అని మొదలుపెట్టొద్దంటున్నా, అంతే. ముందు సైన్యానికీ వైమానిక దళానికీ మోసే బండి రానివ్వండి, రెండు మూడేళ్ళు కొండల్లో తిరగనివ్వండి, ఆ తర్వాత నౌకాదళం రూపం. నౌకాదళానికి 2020లో అమెరికా నుంచి 24 ఎంహెచ్-60ఆర్ హెలికాప్టర్లు కొన్నారు కాబట్టి కొంచెం ఆగగలరు. 1971 నాటి సీ కింగ్ హెలికాప్టర్లతో ఎన్నాళ్ళు లాగారో చూశాం, వాళ్ళ ఓర్పుని ఇంకా పరీక్షించమని కాదు, వరస మాత్రం ఇలా ఉండాలి.

పాత_టెక్నీషియన్

వరస బాగుంది. నేనైతే ఇంకొకటి కలుపుతా. డిజైన్ బల్ల దగ్గర పైలట్ ఎలాగూ కూర్చుంటాడు, టెక్నీషియన్‌ని కూడా కూర్చోబెట్టండి. ఎంఐ-17 బ్లేడ్‌లో రష్యా వాళ్ళు చిన్న ఏర్పాటు ఒకటి చేశారు. బ్లేడ్ లోపలి బోలు దూలంలో గాలి నింపి ఉంచుతారు, సన్నగా పగులు వచ్చినా గాలి కారిపోతుంది, బ్లేడ్ మొదలు దగ్గర ఉన్న పారదర్శక టోపీలో ఎర్ర పట్టీ కనబడుతుంది. తెల్లవారుజామున నిచ్చెన ఎక్కి టార్చ్ వేసి ఐదు బ్లేడ్లకీ ఐదు టోపీలు చూసుకుంటే చాలు. కంప్యూటర్ అక్కర్లేదు, మంచులో కూడా పనిచేస్తుంది. నేను చేతి తొడుగు తీయకుండా చేయగలిగిన తనిఖీ అదొక్కటే. ఇలాంటివి ఆలోచించేవాడు మంచులో నిలబడ్డవాడే అయి ఉంటాడు.

తుమకూరు దగ్గర గుబ్బిలో 2023లో తెరిచిన ఫ్యాక్టరీ 615 ఎకరాలది. 3 నుంచి 15 టన్నుల దాకా అక్కడ చేస్తామన్నారు. షెడ్లు చూస్తే గర్వంగా ఉంది. ఆ షెడ్ల పక్కనే స్పేర్ల గోడౌన్ కూడా అంతే పెద్దది కట్టాలి.

విభూతిపురవాసి

సార్, ఇదంతా రాత్రి మా పాపకి చదివి వినిపించాను. చిప్ లైటు దగ్గర ఆపి, "ఆ పెచ్చు ఇప్పుడు ఎక్కడుంది?" అని అడిగింది. నాకు తెలియదన్నాను.

వచ్చే ఏరో ఇండియాకి దాన్ని తీసుకెళ్తున్నా. మోడల్ స్టాల్ దగ్గర ఇంజనీర్లు ఉంటారు కదా, మేం ఏం అడగాలి? ఒక్క ప్రశ్న చెప్పండి.

పాత_టెక్నీషియన్

ఆ పెచ్చుని చిన్న కవర్లో పెట్టి, తారీఖు రాసి, పరీక్షకి పంపించాం తల్లీ అని చెప్పండి. పారేయం. అది ఎక్కడ విరిగిందో తెలిస్తేనే తర్వాతి గేర్‌బాక్స్ బాగుపడుతుంది.

ప్రశ్న ఇది: "పదివేల అడుగుల ఎత్తులో, క్రేన్ లేని చోట, నలుగురు మనుషులు ఈ గేర్‌బాక్స్ దించి కొత్తది ఎక్కించడానికి ఎన్ని గంటలు పడుతుంది?" పాప చేతే అడిగించండి. ఏం చెప్పారో ఇక్కడ రాయండి.